విలువ కట్టే ఆయనకి కాఫీ వద్దు

మహీధర్,

పప్పు కుక్కర్లోనే ఉంది, వేడి చేసుకో. ఇంటికి విలువ కట్టే ఆయన బేస్‌మెంట్ కొలతలకి పదకొండింటికి మళ్ళీ వస్తాడు. తలుపు తియ్యి, నోరు మాత్రం మెదపకు. ఇల్లు కొన్నప్పుడు ధరలో గవర్నమెంట్ పెట్టిన పది శాతం వాటా వదిలించుకోవాలంటే ఇవాళ్టి ధరలో పది శాతం కట్టాలి. ఇల్లు ఎంత బాగుంటే మనకంత బాదుడు! నాలుగేళ్ళుగా వాకిట్లో మంచు ఎత్తింది నేను. ఆ సర్కారు వాటాదారు ఒక్కసారైనా పార పట్టాడా? నువ్వేమో నిన్న ఆ విలువ కట్టే ఆయనకి చుట్టానికిచ్చినట్టు కాఫీ ఇచ్చి, "కిచెన్ టైల్స్ మా ఆవిడే వేసింది, ఎంత నీట్‌గా ఉన్నాయో చూడండి" అని మురిసిపోయావు. మెట్ల మీంచి విన్నాను.

ధరణి

టైల్స్ వేసి నా మోకాళ్ళు పట్టేసిన రోజున నువ్వు ఆ మాట నాతో అనలేదు. అని ఉంటే ఆ మెప్పులో ఎవరికీ వాటా ఉండేది కాదు.