అలిసిపోయే డ్యూటీ

ఆగస్టు 11, 2020. డ్రెస్డెన్

నా బిడ్డ నవ్య నీళ్లోసుకుంది. తొమ్మిదో వారం. పొద్దున వంటింట్లో చెప్పింది. ఎగిరి గంతేద్దామంటే అరవై తొమ్మిదేళ్ల మోకాళ్లు ఒప్పుకోలేదు. నా బంగారు తల్లి, నూరేళ్లు సల్లగుండాలె.

ఎవరికీ చెప్పొద్దని నెత్తిన చెయ్యి పెట్టించుకుంది. జగిత్యాలలో ఉన్న వాళ్లమ్మకు కూడా. ఆఖరికి మొగుడు శశికాంత్‌కు కూడా. ఇంతకుముందు రెండుసార్లు పదో వారంలోనే పోయింది. రెండోసారి అల్లుడు నెల రోజులు సరిగా అన్నం తినలేదట. పదోది దాటితే నేనే చెప్తా బాపూ అంది.

నా నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే ఈ నోట్‌బుక్. అల్లుడిది ఇంగ్లీష్ మీడియం, తెలుగు చదవరాదు. దేవుడి దయ.

ఆగస్టు 12

రేపటి నుంచి నాలుగు రోజులు ఎడారిలో నడకట. జర్మనీలో ఎడారేందయ్యా అన్నా అల్లుడితో. లీబెరోజ్ దగ్గర ఉందట. ఒకప్పుడు సైన్యం ట్యాంకులు తిప్పీ తిప్పీ అడవంతా ఇసుక చేసిందట. మార్చి నుంచి ఇంట్లోనే ఆఫీసు చేసి పిచ్చెక్కిందని జూన్‌లోనే బుక్ చేశాడు. నాకు గుడారాలు, చెట్టు చాటుకు పోవడాలు పడవు. కానీ నా రిటర్న్ ఫ్లైటు మూడోసారీ క్యాన్సిల్ అయింది. ఎక్కడికి పోను?

నవ్య మానేస్తే అల్లుడికి అనుమానం వస్తుంది. నడవొచ్చు, బరువు మోయొద్దు, ఆయాసపడొద్దు అందట డాక్టరు. అందుకని నాకు డ్యూటీ వేసింది. బాపూ, నువ్వు అలిసిపో, నువ్వు కూర్చుంటే నేనూ కూర్చుంటా.

ముప్పై నాలుగేళ్లు కరెంటు లైన్‌మన్‌గా చేసినోణ్ణి. నన్ను అలిసిపొమ్మంటది. సరే బిడ్డా అన్నా.

ఆగస్టు 13, సాయంత్రం

ఎటు చూసినా ఇసుక, ఊదారంగు పూల పొదలు. దారి పక్కన బోర్డులు. మట్టిలో పేలని బాంబులు ఇంకా ఉన్నాయట, దారి దిగితే ప్రాణానికి గ్యారంటీ లేదట. తోడేళ్లు కూడా ఉన్నాయట. అల్లుడు అదేదో శుభవార్తలాగా చెప్పాడు.

పదకొండుసార్లు కూర్చున్నా. మామయ్యా, కరెంటు స్తంభాలే మీ దగ్గరికి నడిచొచ్చేవా అన్నాడు అల్లుడు. నవ్య మొహం తిప్పుకొని నవ్వింది. నవ్వుకో తల్లీ. పరువు పోతే పోనీ.

దాని సంచిలో సామానంతా నా సంచిలోకి మార్చాం. కూర్చునే ముసలోడిదే పెద్ద సంచి.

ఆగస్టు 14

పులిహోర వాసనకు డోకొచ్చి, అల్లుడి కంట పడకుండా నవ్య బోర్డు దాటి నాలుగడుగులు లోపలికి పోయింది. అరిచా. అదే అడుగుల్లో అడుగేసుకుంటూ వెనక్కి వచ్చింది. ఆ పూట నిజంగానే నడవలేకపోయా.

ఆగస్టు 15, మధ్యాహ్నం 2

నవ్యకు నడుము లాగుతోందట. రక్తం కనబడిందట. అయినా అల్లుడికి చెప్పనియ్యదు.

ఆగస్టు 15, సాయంత్రం 6:30

ఆస్పత్రి గేటు బయట బెంచీ మీద రాస్తున్నా.

రోడ్డుకు ఇంకా ఐదు కిలోమీటర్లు. బిడ్డను నడవనిచ్చేది లేదు. ఛాతీ పట్టుకుని ఇసుకలో పడిపోయా. నా కోసం ఆస్పత్రి వ్యాను వస్తే బిడ్డ కూడా ఎక్కుతుంది కదా అనుకున్నా. అల్లుడు ఫోన్ చేసి, నా తల ఒళ్లో పెట్టుకుని, స్తంభాల మాట అన్నందుకు క్షమించండి మామయ్యా అన్నాడు. సిగ్గుతో కళ్లు తెరవలేదు.

నిలువెల్లా ప్లాస్టిక్ తొడుక్కున్న ఇద్దరొచ్చారు. నన్ను ఎక్కించి ఛాతీకి వైర్లు అంటించారు. నవ్య ఎక్కబోతే ఆపారు. కరోనా, పేషెంటు ఒక్కరే అన్నారట. తలుపు మూయబోయారు.

లేచి కూర్చుని వైర్లు పీకేశా. నాకేం లేదు, నా బిడ్డను తీసుకుపోండి, కడుపుతో ఉంది, రక్తం పోతోంది అన్నా. అంతా తెలుగులోనే. అర్థమైంది అల్లుడొక్కడికే. నన్ను చూశాడు, నవ్యను చూశాడు. వాళ్లకు జర్మన్‌లో గబగబా చెప్పాడు. నేను దిగా, బిడ్డ ఎక్కింది.

మేమిద్దరం, వ్యానుకు దారి చూపిన అడవి గార్డు జీపులో వెనకొచ్చాం. లోపలికి రానివ్వలేదు. బెంచీకి ఆ కొస ఆయన, ఈ కొస నేను. ఎన్నో వారం అని అడిగాడు. రేపటికి పదోది పడుతుంది అన్నా. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కోపముంటే తిట్టయ్యా అన్నా. మీరు బాగా నటిస్తారు మామయ్యా అన్నాడు.

7:40

ఫోన్ రాలేదు.

8:15

నవ్య ఫోన్. లోపలి గుండె కొట్టుకుంటోందట, స్పీకర్లో వినిపించారట. రెండు రోజులు ఉండాలట. అల్లుడు లేచి నిలబడి, ఎటు పోవాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. ఈసారి నా పక్కనే.

సెప్టెంబర్ 6

మూడో నెల దాటింది. నవ్య ఒట్టు తీసేసింది. చెప్పాల్సిన వాళ్లు:

నా భార్య శ్యామలాదేవి. ముందు తిట్లు తినాలి.
వియ్యపురాలు శారదాదేవి. అల్లుడే చెప్తాడట.
దశరథ్ బావ. చెవుడు, అరిచి చెప్పాలి.
తమ్ముడు రవీంద్రనాథ్. వాడికి చెబితే వాడకట్టంతా చెప్పినట్టే.
కౌసల్య అక్క. రెండుసార్లు కడుపని నేనే చెప్పా, రెండుసార్లు పోయిందనీ నేనే చెప్పా. రెండోసారికి పొత్తిగుడ్డలు కుట్టి పెట్టుకుంది. ఆమెకు ఇప్పుడు చెప్పను. పుట్టినంక పసిగుడ్డు ఏడుపే ఫోన్లో వినిపిస్తా.