గడప దాటే వేళ

పిన్నీ,

నీ చేతిలో సూది ఉండే ఉంటుంది. కాసేపు దారం తెంపి నా మాట విను.

తెల్లవారుజామున మళ్లీ అదే కల. ఎవరో నన్ను ఎత్తుకుని పొగమంచులో నడుస్తున్నారు. ఎదురుగా తెరిచిన తలుపు, లోపల దీపం. ఎంత నడిచినా ఆ తలుపు దగ్గరకు రాదు. ముఖం చూద్దామని తల తిప్పితే, ఎత్తుకున్నది నేను పెళ్లాడబోయే అతను కాదు.

పెళ్లయి ఇంటికి రాగానే పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని ఎత్తుకుని గడప దాటించాలట. వాళ్లింటి ఆనవాయితీ. కలప డిపోలో దుంగ దొర్లిపడి అతని ఎడమకాలు మోకాలి కింద పోయిన సంగతి నీకు తెలుసుగా. కట్టుడుకాలుతోనే నిచ్చెనెక్కి కిటికీలు బిగిస్తాడు. నేను పేర్లు రాసే బోర్డులకు చట్రాలు చేసి, తనే మోసుకొచ్చి ఇస్తాడు. మనిషిని ఎత్తుకోవడం మాత్రం డాక్టరు వద్దన్నాడు. ఆదివారం భోజనాల దగ్గర వాళ్లమ్మ తేల్చేసింది.

"తమ్ముడు ఎత్తుకుంటాడు. అంతే."

కాబోయే మరిది సిగ్గుతో మంచినీళ్ల గ్లాసులో ముఖం దాచుకున్నాడు. "నడిచే వస్తాలెండి అత్తయ్యా, నాకు కాళ్లున్నాయిగా" అనేసి నాలుక కరుచుకున్నాను. అతను కోప్పడలేదు. కంచంలోకి చూస్తూ, "అమ్మ చెప్పినట్టే కానిద్దాం" అన్నాడు.

ఆ మాటే గుచ్చుకుంది పిన్నీ. నా కోసం కాకపోయినా తన కోసమైనా నోరు విప్పకూడదా? తన పెళ్లిలో తన చోటునే ఇంకొకరికి ఇచ్చేసేవాడు రేపు నా పక్షానేం నిలబడతాడు? ఈ పెళ్లి వద్దనుకుంటున్నాను. ఇంకెవరికీ చెప్పలేదు. పెళ్లిబట్టలు కుడుతున్నది నువ్వు కాబట్టి ముందు నీకే చెప్తున్నాను. అసలు ఈ ఎత్తుకోవడం ఎక్కణ్ణుంచి వచ్చింది?

నీ
పిచ్చుక

*

పిచ్చుకమ్మా,

సూది పక్కన పెట్టేశాను.

కొలతలకు వచ్చే పెళ్లికూతుళ్ల తల్లులు, నాయనమ్మలు చెప్పిందే నాకు తెలిసింది. పూర్వం ఆడపిల్లల్ని ఎత్తుకుపోయి పెళ్లాడేవాళ్లట, ఇది ఆ రోజుల గుర్తని ఒకావిడ. పుట్టిల్లు వదిలి సంబరంగా లోపలికి దూరిందని అనిపించుకోకుండా ఉండడానికని ఇంకొకావిడ. గడప కింద ఏవేవో పొంచి ఉంటాయని ఒక ముసలావిడ నా చెవిలో చెప్పింది. కొత్తకోడలు గడప తట్టుకుంటే ఇంటికి అరిష్టమని మరొకరు. ఏది నిజమో చెప్పడానికి అప్పుడు మనం లేము.

ఒకటి మాత్రం గమనించాను. ఇవన్నీ అందరూ నవ్వుతూనే చెప్తారు. ఏదో ఒక్కదాని దగ్గరకొచ్చేసరికి గొంతు మారుతుంది. అక్కడ వాళ్ల సొంత కథ ఉంటుంది.

మానుకోవాలనుకుంటే మానుకో, నీ వెనక నేనున్నాను. కుట్లు విప్పి దిండు గలీబులు చేసేస్తాను. కానీ ముందు మీ కాబోయే అత్తగారిని ఒక్కసారి అడుగు. వాదించడానికి కాదు, వినడానికి.

నీ
పిన్ని

*

పిన్నీ,

దిండు గలీబుల అవసరం రాలేదు.

అడిగాను. అత్తయ్య పెరట్లో బట్టలారేస్తోంది. తడి దుప్పటికి అటు ఆవిడ, ఇటు నేను. "ఎందుకత్తయ్యా అంత పట్టు?" అన్నాను. దుప్పటికి అటువైపు నుంచి ఆవిడ గొంతు వచ్చింది.

"నన్నెవరూ ఎత్తుకోలేదమ్మా. మీ మామయ్యకి సిగ్గు. నడిచొచ్చి, గడప తట్టుకుని అందరి ముందూ బోర్లా పడ్డాను. ఆనాటి నుంచి ఈ ఇంట్లో పాలు విరిగినా నా కాలే, ఎవరికి జ్వరమొచ్చినా నా కాలే. మీ మామయ్య పోయిన రోజు కూడా మా అత్త నా కాళ్లవైపే చూసింది." దుప్పటి అంచు సరిచేసింది. "పిల్లాడికి కాలు పోయేసరికి అనడానికి ఆవిడ లేదు. నాకు నేనే అనుకున్నాను."

దుప్పటి పక్కకు లాగేశాను. ఆవిడ కారుతున్న కన్నీళ్లు తుడుచుకోవడం లేదు. "నిన్ను కూడా ఎవరైనా అంటారేమోనని..." అంది.

వెనకాల అతను నిలబడి ఉన్నాడు.

"గడప మాటెత్తితే చాలు నీ గొంతు మారిపోతుందమ్మా. అందుకే ఆ రోజు కాదనలేకపోయాను. ఎందుకో ఇప్పుడు తెలిసింది" అని, లోపలికి వెళ్లి రంపం, ఉలి, సుత్తి తెచ్చుకున్నాడు. కట్టుడుకాలు చాచుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

"ఒరేయ్, తాతల నాటి గడపరా!"

"మనుషుల్ని పడేసింది చాల్లేమ్మా."

రెండువైపులా కోశాడు. చెక్క ఎంతకీ కదల్లేదు. అత్తయ్య కాసేపు చూసి, "ఇలా ఇవ్వు" అని సుత్తి అందుకుంది. మూడో దెబ్బకి గడప ఊడి పడింది. ఎండలో రంపపు పొట్టు బంగారు పొడిలా తేలుతోంది. వెలుగు ఏ అడ్డూ లేకుండా వంటగది దాకా పాకింది. మేం ముగ్గురం ఆ నేల మీదే కూర్చున్నాం.

నిన్న పెళ్లయ్యాక నేనూ అతనూ చేతులు పట్టుకుని నడిచి లోపలికి వచ్చాం. "నా నడుము బతికింది వదినా!" అన్నాడు మరిది. అందరూ నవ్వారు. అత్తయ్య మాత్రం బయటే ఉండిపోయింది.

"రండత్తయ్యా."

"ఉండవే. వస్తున్నా."

వెనక్కి వీధి గేటు దాకా వెళ్లింది. జుట్టు సవరించుకుంది. తల కొంచెం వంచి, ఒక్కో అడుగూ చూసుకుంటూ రాసాగింది. అతను చెయ్యి అందించబోతే వద్దన్నట్టు తల ఊపింది. గుమ్మం దగ్గర చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, దాటేసింది.

లోపలికి వచ్చి గోడలూ పైకప్పూ కొత్తగా చూసుకుంటూ, ఎవరితోనో తెలియకుండా, "ఇల్లు బాగుంది" అంది.

నీ
పిచ్చుక