ఆగిపోయిన జీడిగింజల గురించి

శ్రీకాకుళం జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, పలాస దగ్గర జీడిమిల్లులో గింజ కొట్టే దేముడమ్మ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఆఫ్రికాలోని ఒక దేశం జీడిగింజలు పంపుట ఆపివేసినందున మా మిల్లు మూతపడినది, ఆ దేశంతో మాట్లాడి గింజలు తెప్పించుట గురించి.

1. తిత్లీ తుఫానుకు మా ఉద్దానం తోటలు కూలినది మొదలు మా మిల్లు ఆ దేశపు గింజల మీదే నడిచినది. ఇప్పుడవి రావడం లేదు. యజమానిని అడగగా, "ఆల దేశంలోనే మిల్లులు కట్టుకుంతన్నారట. గింజ బయటికి ఒగ్గరట. నన్నేటి సెయ్యమంతావు?" అన్నారు.

2. సోమవారం అర్జీల రోజున రాగా, వ్యవసాయం వారు పరిశ్రమల వారి దగ్గరికి, వారు కార్మికశాఖకు పంపిరి. చివరి బల్ల బాబు మర్యాదస్తుడు. ఇది దేశాల మధ్య వ్యవహారమని, జిల్లా పరిధిలో లేదని చెప్పి టీ ఇప్పించాడు. తాగి బస్సెక్కాను.

3. రొయ్యల కంపెనీకి పోగా చేతులు కడుక్కుని రమ్మన్నారు. ఇది కడిగితే పోయే నలుపు కాదు బాబూ, పెళ్లైన ఏడాది నుంచి అంటిన జీడి చమురు. ఈ చేతులకు ఇంకెవరూ పని ఇవ్వరు. నాకు భయంగా ఉంది.

4. కావున ఆ దేశాన్ని గట్టిగా మందలించవలెనని వ్రాసి, మిల్లులో నా పక్కపీట జగ్గమ్మకు వినిపించాను. ఆ దేశపు సంచుల్లో ఒక్కోసారి, అక్కడ గింజలు నింపిన ఆడవాళ్ల జడల్లోంచి జారిన పూసలు దొరికేవి. సంచి విప్పినవారికే పూస, అది మా మిల్లు ఆనవాయితీ. జగ్గమ్మ మనవరాలి మెడలో ఉన్నవన్నీ అవే. వాటిని చూపించి, "ఇయి జారిపోయినోల్లకి పిల్లల్లేరేటే?" అంది.

ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. గింజ మనకు పంపినన్నాళ్లూ వాళ్లకు పని లేదు, ఇప్పుడు మనకు లేదు. ఇద్దరికీ పని మిగిలే పద్ధతి దేశాల పెద్దలు కూర్చుని చూడరా అని అడుగుదామంటే, ఎవరిని అడగాలో చివరి బల్ల బాబుకే తెలియదు.

కావున మందలించమన్న కోరిక వెనక్కి తీసుకుంటున్నాను. మిల్లు మళ్లీ తెరుస్తారన్న ఆశ నాకు లేదు. అయినా రాసినదంతా ఒకసారి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దేముడమ్మ
(వేలిముద్ర పడదు, జీడికి అరిగిపోయింది. సంతకం చేశాను.)

మరొక మనవి: అక్కడి కొత్త మిల్లులకు ఉత్తరం పంపే దారి తమకుంటే ఒక్క మాట రాయించండి. గింజ కొట్టే ముందు చేతులకు మోచేతుల దాకా ఆముదం పట్టించమనండి. మొదటిరోజు నాకెవరూ చెప్పలేదు.