శాంత నడుముకు నేను కొన్న పరుపు

ఆదివారం, కోరుట్ల

ఒళ్లు ఇంకా మండుతోంది. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి నడుము పోగొట్టుకున్న చెల్లె శాంతకు పరుపు కొనబోతే, దుకాణదారు ఆమె వైపు చూడనైనా లేదు.

"ఈమె పెనిమిటి దుబాయి నుంచి అస్తుండా సార్? ఎంత బరువుంటడు?"

"పండేది ఈమె. పండి చూడనియ్యి."

"ఆడోళ్లు దుకాణంల పండుతరా సార్!" అని నవ్వాడు.

శాంత సిగ్గుతో వెనక్కి జరిగింది. నేను సమానత్వం మీద ఉపన్యాసం దంచి, ఆ కోపంలోనే చెప్పులు విడిచి, నేనే పడుకుని చూసి గట్టి పరుపు ఎంచుకుని కొన్నాను.

ఇంట్లో దానిమీద ఒత్తిగిలగానే శాంత మూలుగుతూ లేచింది. "దుకాణపాయన నన్నడగలే. నువ్వు గూడ అడగలే గదనే అన్నా!" అని చాప పరుచుకుంది.

రేపు ఆమెను తీసుకెళ్లి మార్పిస్తానని రాయబోయి ఆగాను. వస్తావా అని ఇంకా అడగలేదు...