ముప్పై ఏడో నంబరు చెయ్యి

జూలై 6, 2025, ఆదివారం

మొదటి ఆదివారం. మా చర్చి గుడిలో ప్రభువు సంస్కారం, రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చారు. ద్రాక్షరసం పళ్ళెం ఇప్పటి సంఘపెద్ద లేవి పట్టుకొచ్చాడు. ఆరేళ్ళ కిందట ఆ పళ్ళెం నా చేతిలో ఉండేది. ఇరవై రెండేళ్ళు సంఘపెద్దగా ఉన్నాను. ఒక ఆదివారం చెయ్యి వణికి, రసం పాస్టరు అయ్యగారి తెల్లంగీ మీద ఒలికింది. తాగొచ్చినాడప్పా ఈయన అని లేవి అందరి ముందరా అన్నాడు. నాకు డెబ్బై ఒక్క ఏళ్ళు. సారా చుక్క నా గొంతు దిగలేదు. అయినా పెద్దరికం నుంచి తీసేశారు. ఒక్కడు కూడా నా నోటి వాసన చూడలేదు.

నేను మరిచిపోలేదు. మరిచిపోను.

జూలై 9, బుధవారం

మాత్ర వేసుకున్న వేళ రాయమని కర్నూలు ఆస్పత్రిలో రీసెర్చ్ చేసే పిల్ల యామిని ఇచ్చిన పుస్తకం ఇది. వెనక పేజీలు నావి.

నాది పార్కిన్సన్ జబ్బు. నాలుగేళ్ళ కిందట డాక్టరు చెప్పాడు. అంతకు ముందు చాలా ఏళ్ళ నుంచే ఒంట్లో ఉంటుందట. ఈ జనవరిలో ఆ జబ్బు మీద చేసే రీసెర్చ్‌లో నన్ను చేర్చుకున్నారు. చేతికి వాచీ కట్టి, ఒక ఫోన్ ఇచ్చారు. నేను బద్వేలు పక్కన మా ఊళ్ళో నడిస్తే, నా నడకా, నా వణుకూ కర్నూలు కంప్యూటర్‌లో పడతాయి. అక్కడ నా పేరు లేదు. నేను ముప్పై ఏడో నంబరు.

జూలై 11, శుక్రవారం

నా వణుకు జబ్బుదని చూపించడానికి ఆస్పత్రి చీటీ తీసుకుని అయ్యగారి దగ్గరికి పోయాను. లేవి అక్కడే కూర్చుని ఉన్నాడు. జబ్బుంటే ఉండనీ దాసన్నా, జబ్బోళ్ళు తాగరా, ఏ వణుకు దేనిదో ఎవురు చెప్తారు అన్నాడు. అయ్యగారు గొంతు సవరించుకుని టీ తాగిపొమ్మన్నాడు. తాగలేదు.

జూలై 14, సోమవారం

ఎవురు చెప్తారట! వాచీ చెబుతుందేమో చూస్తాను.

ఏసేపు నా బావమరిది. రోజూ తాగుతాడు. పొద్దున చుక్క పడకపోతే వాడి చేతులు ఊగుతాయి. వాచీ విప్పి వాడికి కట్టాను. ఏం బావా, నన్ను మళ్ళా పెండ్లికొడుకును చేస్తాండావా అన్నాడు. రేపు పొద్దున దాకా విప్పొద్దన్నాను. నా భార్య విశ్వాసమ్మ చూసి, ముసలితనంలో మోసం నేర్చినావు, దేవుడు చూస్తాండాడు అని అరిచింది. ఆరేళ్ళ నుంచి చూస్తానే ఉండాడు కదా అన్నాను. తమ్ముడి మీద పడి తిట్టింది.

జూలై 18, శుక్రవారం

కర్నూలు నుంచి ఫోన్ రాలేదు.

జూలై 22, మంగళవారం

యామిని వీడియో కాల్. ఎప్పుడూ తాతా అనే పిల్ల ఈరోజు దాసన్నగారూ అంది. పద్నాలుగో తేదీ వాచీ ఎవరు పెట్టుకున్నారు, ఆ నడక మీది కాదు, ఆ చెయ్యీ మీది కాదు అంది.

నా ఛాతీ ఉబ్బింది. మా బావమరిది, తాగుబోతు అన్నాను.

ఆ పిల్ల తల పట్టుకుంది. ఒక రోజు డేటా పాడైంది తాతా, ఇంకోసారి చేస్తే స్టడీ నుంచి తీసేస్తారు అంది. తీసేయడం నాకు కొత్త కాదులే అన్నాను. సారీ అయినా చెప్పండి అంది. చెప్పలేదు. తేడా తెలిసింది కదా, అది కాగితం మీద రాసియ్యి అన్నాను. తాగుడు సంగతి వాచీకి తెలీదు తాతా, మీ చెయ్యి కాదని మాత్రమే తెలుస్తుంది అంది. అదే రాయమ్మా అన్నాను. రీసెర్చ్‌లో పేరుతో కాగితం ఇవ్వరు, డాక్టర్ గారిని అడగాలి అని కాల్ పెట్టేసింది.

చేరేటప్పుడు నేను నంబరు రాయలేదు. దాసన్న అని సంతకం చేశాను. మూడక్షరాలకు పావుగంట పట్టింది. అప్పుడు పేరు కావాల్సి వచ్చింది వాళ్ళకు.

జూలై 27, ఆదివారం

గుడి బయట ఏసేపు ఊరందరికీ చెప్పాడు, నా చెయ్యిని కర్నూల్లో గుర్తుపట్టినారప్పా అని. లేవి విన్నాడు. నువ్వు తాగుబోతువని తెల్సుకోడానికి కర్నూలు దాకా పోవల్లనా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, నా కాగితం వస్తాండాది లేవీ, అయ్యగారు గుడిలో చదువుతాడు అన్నాను.

అబద్ధం. ఎవరూ ఇస్తామనలేదు.

జూలై 29, మంగళవారం

యామిని నుంచి కబురు లేదు. పొద్దున చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటానన్నాను. మూడో గుండీ దగ్గర చెయ్యి నిలవలేదు. విశ్వాసమ్మ మిగతావి పెట్టింది. తర్వాత, కాగితం రాకుంటే ఏం చేస్తావు అని అడిగింది. వస్తుంది అన్నాను.

జూలై 31, గురువారం, ఉదయం ఏడు గంటలు

ఒక్క ఊపిరిలో ఎంతసేపు వస్తే అంతసేపు ఆ... అనమని అడిగింది రీసెర్చ్ వాళ్ళ ఫోన్. గొంతు పరీక్ష. అనలేదు. దానికి బదులు ఇట్లా చెప్పాను, రికార్డయి కర్నూలుకు పోయింది.

నా పేరు దాసన్న. ఈ చెయ్యి నాదని కర్నూల్లో కూచోని మీరే కనుక్కున్నారు. ఈ వణుకు జబ్బుదని, తాగుబోతుకు కట్టిన దినం వేరేగా కనపడిందని, నా పేరుతో రాసియ్యండి. ఆగస్టు మూడు మొదటి ఆదివారం, సంస్కారం దినం. రెండో తేదీ శనివారం పొద్దు గుంకేలోగా నాకు జవాబు కావల్ల. ఇస్తారా, ఇయ్యరా?