ఎడమ చేత్తో ఆడిన ఆట

పటాన్‌చెరు,
ఆదివారం.

చెల్లి సుగుణను దీవించి అన్నయ్య రాస్తున్న సంగతులు.

అక్కడ అమ్మ, నాన్న, నానమ్మ కులాసాగా ఉన్నారనుకుంటాను. నానమ్మకు దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. ఎండలు ముదిరాయి. గాలి ఇటు తిరిగితే ఫ్యాక్టరీల ఘాటు గదిలోకి వస్తుంది, అంతే.

మూడు నెలలుగా ఉత్తరం ఎందుకు రాయలేదో చెబుతాను, కంగారు పడకు. నా కుడిచెయ్యి ఫ్యాక్టరీలో రేకులు వత్తే ప్రెస్ మిషన్‌లో పడింది. మధ్య మూడు వేళ్లు పోయాయి. గాయం మానింది, ఇప్పుడు నొప్పి లేదు. ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను.

ఆసుపత్రిలో ఉండగానే సూపర్‌వైజర్ ఒక కాగితం తెచ్చాడు. "సంతకం జేయరాదు గదా, ఏలిముద్ర ఎయ్యి. ఇగ పరేషాన్ గాకు, అంత మేం జూస్కుంటం" అన్నాడు. మందుల మత్తులో వేశాను. తప్పంతా నాదేనని అందులో ఉందట. తర్వాత పనిలోకి రావద్దన్నారు. ఐటీఐ పాసైన వాణ్ణి వేలిముద్ర వేశానన్న సిగ్గుతో ఇంద్రేశంలో గది తలుపేసుకుని పడుకున్నాను.

పక్కింటి యాదగిరన్న లేవదీశాడు. ఆయనది లక్డారం, ఇక్కడ నెట్ సెంటర్ నడుపుతాడు. "ఇంట్ల గూసుంటే పిచ్చి లేస్తది. జెర వచ్చి కంప్యూటర్ ముంగట గూసో" అని తీసుకెళ్లి ఒక ఆట పెట్టించాడు. అందరూ కార్లు, తుపాకుల ఆటలే ఆడతారు. దీన్ని ఎవరూ ముట్టరు. ఇందులో మొహాలు చెక్కబొమ్మల్లా ఉంటాయి, దారి చూపే బాణం గుర్తు కూడా ఉండదు. అయినా సుగుణా, నువ్వు తప్పకుండా ఆడు. పడవ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషివి నువ్వు. చేతిలో కత్తయినా ఉండదు. ముందంతా అడవులు, గుహలు, మంత్రగాళ్ల కోటలు. కంటికి కనిపించిన ఏ కొండనైనా ఎక్కవచ్చు. మౌస్ ఎడమ చేత్తో పట్టాను, నడిచే మీటలు కుడిచేతికి మిగిలిన రెండు వేళ్లతో నొక్కాను. మొదటి తోడేలే నన్ను నాలుగు రోజులు చంపింది. అయిదో రోజు నేను దాన్ని చంపాను. సీడీ పంపుతున్నాను, నీ పాలిటెక్నిక్ స్నేహితురాలింట్లో ఆడు.

ఆ ఆటలో ఒక ఊరివాళ్లు, రాక్షసులు వస్తున్నారు, ఇక్కడే ఉండమని బతిమాలారు. నేను గుహ చూడాలని వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి ఊరంతా బూడిద. నాకు రొట్టె పెట్టిన ముసలామె గుమ్మంలో పడి ఉంది.

"పాత సేవ్ దీస్కో రాదు? అందరు గట్లనే జేస్తరు" అన్నాడు యాదగిరన్న.

అలా చేస్తే ఆట వెనక్కి వెళ్లి ఊరు మళ్లీ బతుకుతుంది. నేను తీయలేదు. ఆటే అని తెలుసు, కానీ ఆ రోజు అన్నం సయించలేదు. నా ప్రెస్ మీద ఇప్పుడు కిషన్ పని చేస్తున్నాడు. బిహార్ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. చెయ్యి పడకుండా ఆపే జాలీ దానికి ఇంకా బిగించలేదట. అదే తలుచుకుంటూ ఉండిపోయాను.

ఎడమ చెయ్యి అప్పటికి లొంగింది. రెండు వారాలు అక్షరాలు దిద్ది అర్జీ రాశాను. సంగారెడ్డి వెళ్లి కార్మిక శాఖ ఆఫీసులో ఇచ్చాను. సంతకం నేనే పెట్టాను. తనిఖీకి వచ్చి ప్రెస్ ఆపించారు. నా నష్టపరిహారం సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

కిషన్‌ను పనిలోంచి తీసేశారు. బస్టాండ్ దగ్గర ఎదురై, "మిషన్ బంద్ అయితే నాకు కామ్ ఎవరు ఇస్తరు భయ్యా?" అని మొహం తిప్పుకున్నాడు. రెండు చేతులతో సంచి ఎత్తి భుజాన వేసుకుని వెళ్లాడు. కనుమరుగయ్యేదాకా ఆ చేతులే చూస్తూ నిలబడ్డాను.

నాన్నకు, నానమ్మకు నా దణ్ణాలు. గుళ్లో నా పేరున ఒక దీపం పెట్టించు. అమ్మకు చెయ్యి సంగతి నువ్వే చెప్పు, పక్కన కూర్చుని, నిదానంగా.

మీ అందరి మేలు కోరే
అన్నయ్య సింహాచలం