మిషను తెచ్చిన పొట్ట

ప్రొద్దుటూరు,
14-6-1955

నన్ను సంకనేసుకొని పెంచిన ఖమర్‌బక్కకు, తమ్ముడు దస్తగిరి సలాము చేసి రాసుకునే మనవి.

ఈడ అందరం బాగుండామని రాయాలంటే చెయ్యి రావడంలేదు. కూర్చుంటే నిలబడాలనిపిస్తాది, నిలబడితే ఆయాసం. ఈ నాలుగు మాటలు రాసేలోపల మూడుసార్లు అంగడి వాకిట్లోకి పోయొచ్చినా.

దూదేకే మిషను పెట్టి రెండేండ్లాయ గదా. అంతకుముందు పొద్దస్తమానం విల్లు పట్టుకొని దూది కొడతాంటే చెమట కారిపోతాండె. ఇప్పుడు కూలోళ్లు మిషనుకు దూది అందిస్తాంటే కుర్చీలో కూర్చొని చూస్తాండా. పని పోయింది గానీ ఆకలి యాడికీ పోలేదు. అవే మూడు సంగటి ముద్దలు, అదే చెనిగ్గింజలు నూరిన ఊరిమిండి పచ్చడి. దూది తూచే కాటా ఎక్కి చూసుకుంటే నూటతొంబై పౌన్లు.

అందుకే నలభై దినాల్నించి ఒంటిపూట తింటాండా. నీ మరదలు జైబున్నీసాకు గూడా నిజం చెప్పలేదు, అంగట్లో తిన్నానంటాండా. మొదటి పదైదు దినాల్లో తొమ్మిది పౌన్లు తగ్గినా. ఆ తర్వాత కాటా కదల్లేదు. కాళ్లూ చేతులూ పుల్లలైనాయి, పొట్ట మాత్రం అట్నే ఉంది. నిన్న మెట్లెక్కుతా కండ్లు తిరిగి పడినా.

నా బాధ పొట్ట గురించి కాదక్కా. పీర్ల పండగ రెండున్నర నెల్లుంది. పోయినేడు మన వేములలో పెద్దపీరు మోస్తా సగం దావలో ఊపిరాడక వంగిపోయినా. ఊరంతా చూసింది. ఈసారి పీర్లను నీళ్లకు దింపే వంక దాకా మోయలేకపోతే చిన్నాయన కొడుకు కమాల్ బాషాకు ఇచ్చేస్తామన్నారు పెద్దలు. నాయన బతికుండంగానే, మొనగాడివని నా చేతిలో పెట్టిన పీరు అది. జొరమొచ్చిందని అబద్ధం చెప్పి, ఈసారి వేములకు పోకుండా ఉండాలనుకుంటాండా. నీకొక్కదానికే చెప్తాండా, ఎవురితోనూ అనొద్దు.

నీ తమ్ముడు,
దస్తగిరి

జమ్మలమడుగు,
20-6-1955

నా చిన్న తమ్మునికి, అక్క దువా.

నీ జాబు చూసి ఒళ్లు మండిపోయింది, ఆమీదట ఏడుపొచ్చింది. నేను ఆయాగా చేసే ఆస్పత్రిలో డాక్టరమ్మను అడిగినా. తిండి మానేస్తే ఒళ్లు బెదిరిపోయి ఖర్చు తగ్గించుకుంటాదంట. కొవ్వుతోపాటు కండ గూడా కరిగిపోతాదంట. కండ పోయినోడు కూర్చున్నా నిలబడినా ఒంట్లో ఖర్చయ్యేది తక్కువేనంట. అందుకే నీ కాటా కదల్లేదు. రెండుపూట్లా తిను, ఒక ముద్ద తగ్గించుకో, ఒళ్లొంచి పని చెయ్యి అనింది.

ఇన్నాళ్లూ దాచిన మాట ఒకటి చెప్తా. నువ్వు మొనగాడివని నాయన పీరు ఇయ్యలేదురా. మిల్లు కాడ కావలి పనికి కూర్చున్నాక ఆయనకూ ఒళ్లొచ్చింది. ఆయనా నీ మాదిరే కడుపు మాడ్చుకున్నాడు. మోయలేనని చెప్పుకోలేక నీకిచ్చినాడు. ఆ తర్వాత ఏ పండక్కూ వాకిలి దాటలేదు. రెండేండ్లకు మంచంలోనే పోయినాడు. నువ్వూ అట్లనే పోతావా?

నీ అక్క,
ఖమర్‌బీ

వేముల,
1-9-1955

అమ్మ లాంటి అక్కకు, దస్తగిరి సలాములు.

నీ జాబు చదివినాక మూడు దినాలు నీ మీద కోపంతో తిరిగినా. నాలుగోనాడు జైబున్నీసాకు అంతా చెప్పినా. తిట్టి, కొసరి కొసరి పెట్టింది. పరుపుల దూది మిషనుకియ్యకుండా నేనే విల్లుతో ఏకినా. దినామూ తెల్లారి పెన్నేటి దాకా నడిచినా. కాటా మీద ఇంకో ఏడు పౌన్లే తగ్గినా గానీ చొక్కా గుండీలు పడతాండాయి. మెట్లెక్కితే కండ్లు తిరగడంలేదు.

పండగ పదోనాడు పీరు ఎత్తుకున్నా. పోయినేడు వంగిన తావు దాటినా. వంక ఇంకా రెండు ఫర్లాంగులు ఉండంగా ఊపిరి అందలేదు. పండ్లు బిగబట్టి పోదామనిపించింది. నాయన గుర్తొచ్చినాడు. నిలబడిపోయి, అందరూ వినేటట్లు చెప్పినా: "నాకింక చాతకాదు. కమాల్, నువ్వు పట్టుకోరా."

పెద్దాయన అబ్దుల్ సలాం తాత దగ్గరికొచ్చినాడు. తిడతాడనుకున్నా. నా భుజమ్మీద చెయ్యేసి, "మీ నాయన గూడా ఈ ఒక్క మాట అనుంటే, తలాకొంత దూరం మోసుంటిమి గదరా. ఆయప్ప ఇంట్లో కూర్చోకుండా మా ముందర నడుస్తాండె" అన్నాడు.

ఊరందరి ముందరా ఏడ్చినా అక్కా. ఏడుస్తానే కమాల్ పక్కన వంక దాకా నడిచినా.

నీ తమ్ముడు,
దస్తగిరి